ఎడమ బొటనవేలి గోరు

గోళ్లకు రంగు వేసేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. దాన్ని ఎలా తీయాలో చెప్పేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆ పార్లరు అమ్మాయి చెప్పింది పాపం, నేనే చెవిన పెట్టలేదు. చదివేవాళ్లు ఆ పిల్లను తిట్టుకోకూడదని ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తిట్టాలంటే నన్నే తిట్టండి.

నా పుట్టిల్లు జమ్మలమడుగు. పెళ్లై పులివెందుల వచ్చి పాతికేళ్లు దాటింది. ఇక్కడే ఒక బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను. మేం దూదేకుల వాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజు చదివేది అరబ్బీలో. ఉర్దూ మాకు అంతంత మాత్రం. అందుకని జమ్మలమడుగులో ఉర్దూ మాట్లాడే పక్క వీధి వాళ్లు మమ్మల్ని సగం ముస్లిముల కిందే లెక్కగట్టేవాళ్లు. మా నాయన పత్తి ఏకేవాడు, అమ్మ పరుపులు కుట్టేది. ఒకసారి దబ్బనం జారి ఆమె కుడి బొటనవేలి గోటిలో దిగింది. గోరు నిలువునా చీలిపోయి మళ్లీ అతుక్కోలేదు. ఎంత పెరిగినా ఆ చీలికతోనే పెరిగేది. చిన్నప్పుడు ఆ గాడిలో నా వేలి కొన పెట్టి రాస్తూ నిద్రపోయేదాన్ని.

నాకు పన్నెండేళ్లప్పుడు మా జేజి చనిపోయింది. చనిపోయినవాళ్లకు చివరి స్నానం పోస్తారు కదా, గుసులు అంటాం. ఆడవాళ్లకు ఆడవాళ్లే పోయాలి. కూతుళ్లో కోడళ్లో పోయడం మంచిదంటారు. మా అమ్మ కొంగు బిగించి సిద్ధంగా నిలబడింది. పక్క వీధి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పైనుంచి కిందికి చూసి, "మీకు ఇవన్నీ యాడ తెలుస్తాయి? మీరు బయటుండి నీళ్లందియ్యండి, మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మాట అన్న తీరు నాకిప్పటికీ గుర్తే. అమ్మ దుప్పట్లు కట్టిన తెర ఇవతల నిలబడి, కాగులో నీళ్లు ముంచి లోపలికి అందిస్తూ ఉండిపోయింది. పదహారేళ్లు సేవ చేసిన అత్తను ఆఖరిసారి తాకనివ్వలేదు ఆమెను.

మరుసటి రోజు నా జడ అల్లుతూ చెప్పింది. "మే, నా కత అట్ల కాగూడదు. నన్ను కడిగేది నువ్వే. ఇంగెవురూ నీకు రాదని అనకుండా అన్నీ నేర్చుకో." పన్నెండేళ్ల పిల్లకు చెప్పే మాటేనా అది? కానీ ఆమె తమాషాకు అనలేదు. సరే మా అని మాటిచ్చాను. ఆ తర్వాత కూడా ఏడాదికొకసారైనా గుర్తు చేసేది. నాకు పిల్లలు పుట్టాక కూడా, "మాటిచ్చినావు, మర్చిపోయేవు" అనేది. "ఊకో మా, నీ చావు గోల" అని కసురుకునేదాన్ని.

కసురుకున్నా, నేర్చుకున్నాను. అంటే నేర్చుకున్నాననుకున్నాను. తెలుగులో ఉన్న చిన్న పుస్తకమొకటి తెచ్చుకుని చదివాను. తెలియనిచోట ఎవరినైనా అడగాలి కదా, అక్కడే మా జబ్బు. మేం అడగం. అడిగితే మనకు తెలియదని వాళ్లకు తెలిసిపోతుందని భయం. తెలిసిన రెండు ముక్కలనే గట్టిగా పట్టుకుని, పట్టుకోవాల్సినదానికంటే గట్టిగా పట్టుకుని బతికేస్తాం. అలా నేను గట్టిగా పట్టుకున్న ముక్క గోళ్ల రంగు. గోటి మీద రంగుంటే నీళ్లు గోటికి తగలవు, నీళ్లు తగలకపోతే వజూ కుదరదు, అంటే నమాజుకు ముందు చేతులూ ముఖమూ కడుక్కునే శుద్ధి చెల్లదు. గోరింటాకైతే ఫరవాలేదు, అది పొరలా పట్టదు. అందుకే యాభై ఏళ్లొచ్చినా ఏనాడూ గోళ్లకు రంగు వేయలేదు. రంజానుకు అమ్మ పెరట్లో చెట్టు దూసి రుబ్బి పెట్టే గోరింటాకే నా అలంకారం.

అలాంటిదాన్ని నిరుడు వేసవిలో ప్రొద్దుటూరులో మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి పోయి బుద్ధి గడ్డి తిని రంగు వేయించుకున్నాను.

పెళ్లికి రెండు రోజుల ముందు ఆడపిల్లలంతా పార్లరుకు పోతూ నన్నూ లాక్కుపోయారు. "అత్తా, నీ చేతులు ఎంత తెల్లగుండాయో చూడు, ఒక్కసారి వేసుకోత్తా" అని పెళ్లికూతురు బతిమాలింది. మామూలు రంగు కాదది. పూత పూసి, నీలం వెలుతురున్న చిన్న పెట్టెలో వేళ్లు పెట్టిస్తారు. గట్టిపడి మూడు వారాలైనా చెక్కు చెదరదట. రెండు రోజుల నమాజు తర్వాత కలిపి చదువుకుంటాలే, పెళ్లి కాగానే తీసేస్తాలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దానిమ్మ గింజ రంగు వేసిందా అమ్మాయి. వేసి, "ఆంటీ, తీయాలంటే మా తావకే రాండి. మందులో నానబెట్టి మెల్లిగా తీస్తాం. మీరు మాత్రం పీకొద్దు, గోరు పొర లేసొస్తాది" అంది. నేను వింటే కదా, చేతులు అటూ ఇటూ తిప్పి మురిసిపోతూ ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం అమ్మకు వీడియో కాల్ చేశాను. మోకాళ్లు నొప్పులని ఆమె పెళ్లికి రాలేదు. తమ్ముడి దగ్గర జమ్మలమడుగులోనే ఉండిపోయింది. నా గోళ్లు కనపడకుండా దాచుకుందామనుకున్నాను గానీ వెనక నుంచి పిల్లలు, "అవ్వా, మా అత్త గోళ్లు చూడు" అని అరిచారు. ఇక తప్పక చూపించాను.

"చెయ్యి దగ్గరికి పెట్టు మే. ఇంకా దగ్గరికి" అంది అమ్మ. తిడుతుందని కాచుకుని ఉన్నాను.

"మరి నమాజుకెట్ల?"

"ఎల్లుండి తీసేస్తా లే మా."

కాసేపు చూసింది. "శానా బాగుండాయి. నా చేతులు యానాడన్నా ఇట్లుండెనా! సోమారం వస్తాండావు గదా. అంతవరకూ తీయాకు. నాకు దగ్గర చూపించినాక తీసేద్దువు" అంది.

ఆదివారం పొద్దున, పెళ్లివాళ్లింట్లో టిఫిన్లు పెడుతుండగా తమ్ముడి ఫోనొచ్చింది. అమ్మ తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి, టీ తాగి, గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా తిప్పాడట. "అక్కా, ఎండలు చూస్తాండావు గదా. మద్యానం జొహర్ నమాజుకంతా ఎత్తాలంటాండారు. పదికి గుసులు మొదలుపెట్టాల. నువ్వొచ్చేదంక ఆపుతా. బిన్నా రాక్కా" అని ఏడ్చాడు.

నేను ఏడవలేదు. ఏడుపు రాకముందే కళ్లు చేతుల మీద పడ్డాయి. పది గోళ్లు, ఎర్రగా, మెరుస్తూ. ఈ చేతులతో అమ్మను ఎలా కడగాలి? నీళ్లు గోటికే తగలని చేతులు శుద్ధమెలా అవుతాయి? వజూ లేనిదాన్ని అమ్మ మీద చెయ్యి వేస్తే ఆమె స్నానం చెల్లుతుందా? తెర లోపల పక్క వీధి ఆడవాళ్లు నా గోళ్లు చూసి, "మీకు ఇవన్నీ యాడ తెలుస్తాయి" అంటారు. నన్నూ బయట నిలబెట్టి నీళ్లందించమంటారు. ముప్పై ఎనిమిదేళ్ల కిందటి ఆ మాట అప్పుడే అన్నట్టు చెవిలో మోగింది.

పార్లరమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంట్లో ఉన్న రిమూవరు సీసా సగం ఒంపి రుద్దాను, రంగు వదల్లేదు. ఆదివారం పొద్దున, ఫ్యాన్సీ షాపులేవీ తెరవలేదు. అంతలో మా ఆయన బాడుగ కారు తెచ్చి గేటు ముందు నిలబెట్టాడు.

కారు ఊరు దాటకముందే ముసుగుకు పెట్టుకున్న పిన్ను తీశాను. ఎడమ చిటికెనవేలి గోటి పక్క నుంచి పిన్ను దూర్చి లేపాను. అంచు లేచింది. పట్టి లాగితే చిప్ప చిప్పగా ఊడొచ్చింది. ఓహో, ఇంతేనా అనుకున్నాను. తిప్పి చూస్తే రంగు చిప్పకు కింద తెల్లటి పొర అంటుకుని ఉంది. అది నా గోరే. అప్పుడైనా ఆగాలి కదా! ఆగలేదు. రోడ్డుకటూ ఇటూ కోసేసిన శనగ చేలు వెనక్కి పోతున్నాయి. నేను పిన్నుతో, పళ్లతో, రెండో చేతి గోళ్లతో పీకుతూనే ఉన్నాను. గట్టిగా పట్టిన చోట పిన్ను గోటి కిందికి దిగేది. కుడి బొటనవేలు, చూపుడువేలు బాగా చెడ్డాయి. గోరు సగం వరకు పొరలు లేచి, గోటి మొదట్లో నెత్తురు చిమ్మింది.

ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరిగి బిత్తరపోయాడు. "ఏందే అది! నెత్తురొస్తాంది, నిలుపు."

"మీరు ముందుకు చూడండి."

"ఎవరన్నా అడిగితే పెళ్లిలో వేసినారని చెప్పు. ఏమైతాది?"

"మీకు తెల్దు. ఊరుకోండి!" అని కారు అదిరేట్టు అరిచాను. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. జమ్మలమడుగు చేరేసరికి పది గోళ్లూ బోడిగా ఉన్నాయి. ఒళ్లో ఎర్రటి పెంకులు. దులుపుకుని దిగాను.

తెర లోపల అమ్మను చెక్క బల్ల మీద పడుకోబెట్టారు. రేగాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా సిద్ధంగా ఉన్నాయి. గుసులు పోయించడానికి వచ్చింది పక్క వీధి అవ్వే. డెబ్బై దాటిన మనిషి, జేజి చనిపోయినప్పుడు వచ్చినవాళ్లలో ఒకామెకు కోడలు. నన్ను చూడగానే, "రామ్మా, నీకోసమే ఆగినాం. కూతురు పోస్తేనే తృప్తి" అంది. అంత మెత్తగా పిలుస్తుందని నేను అనుకోలేదు.

చేతులు కడుక్కోబోతుంటే నా వేళ్లు చూసింది. "అయ్యో, ఏమైంది మే?"

నిజం చెప్పాల్సింది. సిగ్గు అడ్డమొచ్చింది. "కారు తలుపులో పడినాయవ్వా" అన్నాను.

అవ్వ నా కుడి చెయ్యి పట్టుకుని చూసి, పాత గుడ్డ చింపి బొటనవేలికీ చూపుడువేలికీ చుట్టి ముడేసింది. "నెత్తురు ఆమెకంటగూడదమ్మా. ఈ రెండు వేళ్లూ పక్కకు పెట్టుకో. ఎడం చేత్తో రుద్దు, కుడిచేత్తో నీళ్లు పొయ్యి" అంది.

చెప్పినట్టే చేశాను. కుడివైపు మొదట, తర్వాత ఎడమవైపు. నీళ్లు తగిలినప్పుడల్లా పొరలు లేచిన గోళ్లు నిప్పు తాకినట్టు భగ్గుమన్నాయి. పళ్లు బిగించుకున్నాను. అమ్మ కుడి చెయ్యి నా ఎడమ చేతిలోకి తీసుకున్నాను. చీలిన బొటనవేలి గోరు. ఎప్పుడూ చూపుడువేలి కొనతో కదా ఆ గాడిని తడిమేది, ఆ వేలికి గుడ్డ చుట్టి ఉంది. ఎడమ బొటనవేలితో రాశాను. గరుకుగా చిరిగిన నా గోటి అంచు ఆమె చేతి మీద గీసుకుపోయింది. సన్నటి తెల్లటి గీత పడింది. ఎర్రబడుతుందేమోనని చూస్తూ ఉన్నాను. ఎర్రబడలేదు. బతికున్న ఒంటి మీద గీసుకుంటే ఎర్రబడుతుంది. అమ్మ లేదని నాకు తెలిసింది అప్పుడే. తమ్ముడు చెప్పినప్పుడు కాదు, ముఖం మీద గుడ్డ తీసి చూసినప్పుడూ కాదు.

"తల్లీ, నీళ్లు పొయ్యి" అని అవ్వ గుర్తు చేసింది. ఆఖరికి కర్పూరం కలిపిన నీళ్లు పోశాను. కఫన్ కప్పేటప్పుడు కూడా నా గోళ్లు ఆ తెల్ల బట్టకు తగులుకుని పోగులు లాగుతుంటే అవ్వే మెల్లిగా విడిపించింది. చివరికి "నువ్వు జరుగమ్మా, నేను కప్పుతా" అంది. జరిగి నిలబడ్డాను. మాట ఇచ్చింది నేను, కప్పింది ఆమె.

మూడో రోజు సమాధి దగ్గర చేసే జియారత్ అయ్యాక అవ్వ మళ్లీ వచ్చింది. నా వేళ్లు వాచి ఉన్నాయి. పసుపు రాయమని చెప్పబోతూ, "తలుపులో పడితే పది వేళ్లూ ఇట్ల కావే" అంది. ఇక దాచలేక అంతా చెప్పేశాను. పెళ్లి, రంగు, పిన్ను, కారు. అన్నీ విని ఆమె నా రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకుంది.

"పిచ్చి బిడ్డా" అంది. "రంగు నీ వజూకు అడ్డం, నీ నమాజుకు అడ్డం. ఆమె స్నానానికి యాల అడ్డమైతాది? సచ్చిపోయినామె గోళ్లకు రంగుంటే తీయాల. పోసేదాని గోళ్లకు ఏముంటే ఏమి? నీళ్లు ఆమె ఒంటికి తగిల్తే చాలు. నన్నొక మాట అడిగింటే చెప్పనా? ఫోన్లుండాయి గదా!"

అడిగింటే! ఆ మాట విని నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఆనాడు తెర బయట మా అమ్మను నిలబెట్టినవాళ్ల మీద, నిలబడిన అమ్మ మీద, అడగడానికి నామోషీపడే మా బతుకుల మీద, అందరికంటే ఎక్కువ నా మీద. పీకకుండా ఉండింటే పది వేళ్లతో అమ్మను కడిగేదాన్ని. నేనే కఫన్ కప్పేదాన్ని. ఆమె చూస్తానన్న గోళ్లు ఆమె పక్కనే ఉండేవి. నేను మోకాళ్ల మధ్య తల పెట్టుకుని అప్పుడు ఏడ్చాను. మూడు రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చాను. అవ్వ నా వీపు నిమురుతూ, "నువ్వు పోసినావు. బాగా పోసినావు. నేను చూసినా గదా" అంటూనే ఉంది.

పులివెందుల వచ్చాక గోళ్లు కాగితంలా పలచబడి వంగిపోయేవి. చాక్‌పీసు పొడి తగిలినా, చింతపండు పిసికినా మంట. చపాతీ పిండి కలపలేకపోయేదాన్ని. "టీచర్, మీ గోళ్లకు ఏమైంది?" అని పిల్లలు అడిగితే చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసి, "రంగుతోపాటు గోటి పైపొరలు లేచిపోయినాయి. మందు రాస్తే అతుక్కునేవి కావివి. కొత్త గోరు మొదట్నుంచి పెరిగి ఇది ముందుకు జరిగిపోవాల. ఓపిక పట్టండి. పొట్టిగా కత్తిరించుకోండి, నూనె రాసుకోండి, నీళ్లలో ఎక్కువసేపు నానబెట్టొద్దు" అని చెప్పింది. బొటనవేళ్లకు ఆరు నెలల దాకా పట్టొచ్చంది.

మొదట్లో రోజులు లెక్కపెట్టాను, ఎప్పుడు పోతుందా అని. గోటి మొదట్లో నున్నటి కొత్త గోరు మొలిచి, గరుకు భాగాన్ని ముందుకు తోస్తూ వచ్చింది. పది రోజులకోసారి కొన కత్తిరించుకునేదాన్ని. మా అమ్మ గోళ్లు తీస్తే ఎక్కడపడితే అక్కడ పారేసేది కాదు, పెరట్లో గోరింట చెట్టు మొదట్లో మన్ను తవ్వి పూడ్చేది. నేనూ కత్తిరించిన ముక్కలన్నీ కాగితంలో మడిచి పెట్టుకున్నాను. చిటికెనవేళ్లు ముందు బాగయ్యాయి, తర్వాత మిగతావి. అందరూ సంతోషించారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "చూడు, మళ్లా వచ్చేసినాయి" అన్నాడు.

కానీ నాకు నాలుగో నెల నుంచే ఒక దిగులు పట్టుకుంది. ఆ రోజు అమ్మను తాకినప్పటి గోరు కదా ఇది. నీళ్లలో ఆమె చేతిని రాసింది, ఆ గీత పెట్టింది ఈ గోరే. ఇది నా ఒంటి మీద ఉన్నంత కాలం ఆ ఆదివారం ఇంకా పూర్తిగా అయిపోనట్టు అనిపించేది. అన్ని వేళ్ల గోళ్లూ కత్తిరించినా ఎడమ బొటనవేలిది వదిలేశాను. ఆ గరుకు అంచు చీరలకు తగులుకుని దారాలు లాగుతున్నా వదిలేశాను. చూపించుకుందామని పోతే డాక్టరమ్మ, "ఇదొక్కటే ఎందుకు ఉంచినారు? తీసేస్తే మొత్తం కొత్త గోరే" అంది మెచ్చుకోలుగా. తలూపి వచ్చేశాను.

మొన్న చలికాలంలో జమ్మలమడుగు పోయాను. పెరట్లో గోరింట చెట్టు కింద కూర్చుని, మా మరదలిని అడిగి కత్తెర తెప్పించుకున్నాను. ఆమె తెచ్చిచ్చి పక్కనే నిలబడింది. ఎడమ బొటనవేలి గోటి కొన కత్తిరించి, కాగితంలో దాచిన ముక్కలతో కలిపి, చెట్టు మొదట్లో మన్ను తీసి పూడ్చిపెట్టాను. మరదలు ఆకు దూసి, "పెట్టమంటావా వదినా? అత్త ఉంటే పెట్టేది" అంది. ఇప్పుడొద్దులే అన్నాను.

చేతులు కడుక్కుని ఎండలో చాపి చూసుకున్నాను. పది గోళ్లూ నున్నగా, గట్టిగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి. అన్నీ అమ్మ పోయాక మొలిచినవే. వీటిలో ఒక్కటీ ఆమెను తాకలేదు.